సీఆర్‌పీ పెరిగితే కేన్సర్ అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో ఒక ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కేన్సర్‌ని పెంచే ప్రోటీన్ల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6), టీఎన్‌ఎఫ్, ఎన్‌ఎఫ్ కప్పా బి లాంటి, ఒంట్లో వాపుని నడిపించే ప్రోటీన్ల పేర్లను తెలుగు పాఠకుల ముందు ధైర్యంగా పెట్టినందుకు రాసినవారిని మెచ్చుకోవాలి. వాటికీ కేన్సర్‌కీ సంబంధం ఉన్న మాట నిజమే. తేడా కొట్టింది రెండో సగంలో. ఈ ప్రోటీన్లు తగ్గితే కేన్సర్ రాదనీ, పసుపూ మిరియాలూ కలిపిన కషాయం తాగితే అవి తగ్గుతాయనీ, తగ్గాయో లేదో ఆరు నెలలకోసారి రక్తపరీక్షతో చూసుకోవచ్చనీ రాశారు. అదే పేజీ అడుగున ఒక ల్యాబ్ ప్రకటన ఉంది. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్), ఐఎల్-6, డీ-డైమర్, ఫెరిటిన్ అనే రక్తపరీక్షలు కలిపి ‘ఇన్‌ఫ్లమేషన్ ప్యాకేజీ’, అంటే వాపు పరీక్షల ప్యాకేజీ అట, ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకుంటారట. వ్యాసానికీ ప్రకటనకీ సంబంధం లేదని మీరంటే నేను నమ్ముతాను. చదివినవాళ్లు మాత్రం రెండూ ఒకటే అనుకున్నారు.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. తర్వాత కొన్నాళ్లు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) పిల్లలకు పాఠాలు చెప్పాను. ఉండేది నల్లకుంటలో. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మా ఇంటి బెల్లు కొడతారు. ఆ వ్యాసం వచ్చాక బెల్లు మోత ఎక్కువైంది.

కింద ఫ్లాట్‌లో ఉండే టీచరమ్మ సంగతే చూడండి. ఆవిడ సీఆర్‌పీ 14 వచ్చింది, పక్కన ఎర్ర అక్షరాల్లో ‘హై’ అని. "అక్కా, ఇది కేన్సరేనా? పిల్లలకి ఇంకా చెప్పలేదు" అంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. నోరు తెరవమంటే కింది దవడ చివరి పన్ను చుట్టూ చిగురు ఎర్రగా వాచి కనిపించింది. నొప్పి లేదా అంటే, "ఉంది, అదెప్పుడూ ఉండేదేగా" అంది. పళ్ల డాక్టరు చీము తీసి మందులిచ్చాక, మళ్లీ చేయిస్తే సీఆర్‌పీ మామూలుకి వచ్చింది. ఈలోగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఎల్‌ఐసీ కాగితాలు వెతుక్కుందట ఆ మహాతల్లి.

సీఆర్‌పీ అంటే ఏమిటో, నా చేతుల్తో చేసినదాన్ని కాబట్టి చెబుతాను. ఇప్పుడన్నీ మెషీన్లు వచ్చాయి గానీ మా రోజుల్లో లాటెక్స్ స్లైడే దిక్కు. నల్లటి స్లైడు మీద ఒక చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), పక్కనే ఒక చుక్క తెల్లటి లాటెక్స్ వేసి, ప్లాస్టిక్ పుల్లతో కలిపి, స్లైడుని చేత్తో పట్టుకుని రెండు నిమిషాలు అటూ ఇటూ వంచుతూ ఉండాలి. సీఆర్‌పీ లీటరుకి 6 మిల్లీగ్రాములు దాటితే నలుపు మీద సన్నటి తెల్ల పలుకులు తేలతాయి. లేకపోతే చుక్క అంతా ఒకే తీరుగా ఉంటుంది. రెండు నిమిషాలు దాటాక చూస్తే ఆరిపోయిన అంచుల్ని చూసి పలుకులనుకునే ప్రమాదం ఉంది, అందుకే పిల్లలకు గడియారం చూసుకోమని మరీ మరీ చెప్పేదాన్ని. పలుకులు తేలాయంటే ఒంట్లో ఎక్కడో వాపు ఉందని అర్థం. ఎక్కడో, ఎందుకో స్లైడు చెప్పదు. టైఫాయిడ్ కావచ్చు, కీళ్లవాతం కావచ్చు, షుగరు మనిషి కాలి పుండు కావచ్చు, ఒట్టి ఊబకాయమే కావచ్చు. 1930లో న్యూయార్క్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని మొదట పట్టుకున్నది న్యుమోనియా రోగుల రక్తంలో. కేన్సర్ రోగుల్లో కూడా పెరగొచ్చు, పెరగకపోనూవచ్చు. లక్షణాలేమీ లేని మనిషికి కేన్సర్ ఉందో లేదో తేల్చడానికి అది పనికిరాదు.

ఐఎల్-6 పేరు మన ఊరికి కొత్త కాదు. 2021 వేసవిలో కోవిడ్ రోగులకి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం జనం ఎన్ని మెడికల్ షాపులు తిరిగారో, ఎంతెంత పెట్టి కొన్నారో మీ పత్రికే రాసింది. ఐఎల్-6 రిసెప్టర్‌ని, అంటే కణం మీద దాని సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ని, కట్టడి చేయడమే ఆ మందు పని. సైటోకైన్ స్టార్మ్, అంటే ఇలాంటి సంకేత ప్రోటీన్లు ఒంట్లో ఉప్పెనలా పెరగడం, అన్న మాట అప్పుడు ఆటో డ్రైవర్ల నోట కూడా విన్నాను. ఆ భయం ఇంకా పోలేదు. ఐఎల్-6 అనగానే ప్రాణం తీసే పదార్థం అనుకుంటున్నారు. నిజానికి గాయం మానాలన్నా, దెబ్బతిన్న కాలేయం మళ్లీ పెరగాలన్నా అదే కావాలి. కాలేయానికి సీఆర్‌పీ తయారుచేయమని కబురు పంపేదీ ముఖ్యంగా అదే.

అది కణితికి ఎలా ఉపయోగపడుతుందో మీ వ్యాసంలో రెండు వాక్యాల్లో తేల్చేశారు. కొంచెం వివరంగా చెప్పాల్సింది. కణం పైపొర మీద ఉన్న రిసెప్టర్‌కి ఐఎల్-6 అంటుకోగానే జీపీ130 అనే మరో ప్రోటీన్ వచ్చి జతకడుతుంది. లోపలివైపు ఉన్న జాక్ అనే ఎంజైము మేలుకుని స్టాట్-3 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అలా ఫాస్ఫేట్ తగిలిన స్టాట్-3లు రెండేసి జతకట్టి కేంద్రకంలోకి వెళ్తాయి. కణం రెండుగా చీలడానికి కావలసిన జన్యువుల్నీ, చావకుండా కాపాడే జన్యువుల్నీ పనిలోకి దింపుతాయి. పని అయ్యాక సాక్స్-3 అనే ప్రోటీన్ తయారై జాక్ నోరు మూయిస్తుంది. ఇక్కడి దాకా అంతా ఆరోగ్యమే. కొన్ని కేన్సర్లలో ఆ ఆపే ప్రోటీన్ తయారవడమే తగ్గిపోతుంది. ట్యాంకు నిండినా బోరు మోటారు కట్టేసేవాడు లేని అపార్ట్‌మెంట్ గతి పడుతుంది. పైగా చాలా కణితులు తమకు కావలసిన ఐఎల్-6 తామే తయారుచేసుకుంటాయి, చుట్టుపక్కల చేరిన తెల్ల రక్తకణాలతోనూ చేయించుకుంటాయి.

ఎన్‌ఎఫ్ కప్పా బి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దీన్ని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అమెరికాలో కనుక్కున్నారు. మామూలప్పుడు దీన్ని ఐ కప్పా బి అనే ప్రోటీన్ కేంద్రకం బయటే కట్టి ఉంచుతుంది. టీఎన్‌ఎఫ్ లాంటి సంకేతం వస్తే ఐకేకే అనే ఎంజైము లేచి ఆ కట్టు తెగేలా చేస్తుంది. విడుదలైన ఎన్‌ఎఫ్ కప్పా బి కేంద్రకంలోకి పోయి మళ్లీ టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 తయారీకే పురమాయిస్తుంది. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి. 2004లో శాన్ డియేగోలో మైకేల్ కరిన్ బృందం ఎలుకల్లో ఆ ఐకేకేలో ఒక భాగమైన ఐకేకే-బీటా జన్యువుని తీసేసి చూసింది. పేగు పొర కణాల్లో తీసేస్తే పేగు వాపుతో వచ్చే కణితుల సంఖ్య బాగా తగ్గింది. తెల్ల రక్తకణాల్లో తీసేస్తే పుట్టిన కణితులు చిన్నవిగా ఉండిపోయాయి. ఇంకేం, దొరికింది మందు అనిపిస్తుంది కదా. మరుసటి ఏడు అదే బృందం అదే జన్యువుని ఎలుకల కాలేయ కణాల్లో తీసేసి, కేన్సర్ కలిగించే రసాయనం ఎక్కించింది. కాలేయ కేన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగింది. రక్షణ లేక కాలేయ కణాలు ఎక్కువగా చచ్చిపోయాయి, వాటి స్థానం నింపడానికి మిగిలినవి ఆదరాబాదరాగా విభజన చెందాయి, కణితులకు అదే అదునైంది. ప్రోటీన్ ఒకటే, ఎలుకా ఒకటే. పేగులో ఒక న్యాయం, కాలేయంలో ఒక న్యాయం. ‘తగ్గిస్తే మంచిది’ అని మీ వ్యాసం అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో నాకు అర్థం కాలేదు.

టీఎన్‌ఎఫ్ సంగతీ అంతే. 1975లో అది ఎలుకల్లో కణితుల్ని చంపే పదార్థంగా బయటపడింది. 1999లో లండన్ పరిశోధకులు టీఎన్‌ఎఫ్ లేని ఎలుకల్ని పెంచి, వాటికి చర్మ కేన్సర్ రావడం తక్కువని చూపించారు. అలాగని ఇక అది శత్రువేనని తీర్మానించలేం. మన ఉస్మానియాలో చదువుకుని, ఇప్పుడు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో ఇన్‌ఫ్లమేషన్ మీద పరిశోధిస్తున్న కన్నెగంటి తిరుమలాదేవి బృందం 2021లో ఏం చూపించిందంటే, టీఎన్‌ఎఫ్‌తో పాటు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇంకో సంకేత ప్రోటీన్ కూడా కలిస్తే కోవిడ్‌లో ఒంటిని గుల్ల చేసే కణమరణం మొదలవుతుంది. అవే రెండూ కలిపి కేన్సర్ కణాల మీద ప్రయోగిస్తే అవీ చచ్చాయి. తెలుగు పత్రికలో ఈ అంశం మీద పేజీ నిండా రాసి, ఆవిడ పేరు ఒక్కసారైనా లేకపోవడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

ఇంకో విషయం చెబితే చాలామంది నమ్మరు. మూత్రాశయం లోపలి పొరకి వచ్చే ఒక రకం కేన్సర్‌కి బీసీజీ మందునే గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. పుట్టగానే పిల్లల భుజం మీద వేసే క్షయ టీకా బీసీజీయే అది. 1976 నుంచీ ఉన్న వైద్యం. కావాలని వాపు పుట్టించి, ఆ వాపుతో కణితి మళ్లీ రాకుండా చేస్తారు. ఆ చికిత్సలో ఉన్న మా బంధువు ఒకాయన మీ వ్యాసం చదివి, "వాపు తగ్గడానికి కషాయం మొదలుపెట్టనా వదినా" అని ఫోన్ చేశాడు. మొదలుపెట్టేముందు మీ యూరాలజిస్టుని అడగమన్నాను.

వాపుకీ కేన్సర్‌కీ సంబంధం ఇప్పుడు కొత్తగా కనుక్కున్నదేమీ కాదు. జర్మనీలో విర్కో అనే డాక్టరు 1863లోనే కణితుల్లో తెల్ల రక్తకణాల్ని చూసి అనుమానించాడు. అమెరికాలో హెరాల్డ్ డ్వోరాక్ అనే డాక్టరు 1986లో కణితుల్ని మానని పుండ్లన్నాడు. ఇన్నేళ్లలో మందు రాలేదా అంటే, ప్రయత్నాలు జరిగాయి. 2017లో కెనకినుమాబ్ అనే మందుతో గుండెపోటు వచ్చి కోలుకున్న 10,061 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే మరో వాపు ప్రోటీన్‌ని ఆపే మందు. గుండె కోసం మొదలుపెట్టిన పరీక్షలో ఊపిరితిత్తుల కేన్సర్ కేసులూ మరణాలూ తగ్గినట్టు కనిపించింది. అదే పరీక్షలో ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవారు పెరిగారు. సరే, ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్నవాళ్లకే ఇచ్చి చూద్దామని తర్వాత పెద్ద పరీక్షలు చేస్తే వాళ్ల ఆయుష్షు పెరగలేదు. కోట్లు ఖర్చుపెట్టి, ఒక్క ప్రోటీన్‌కి గురిపెట్టి చేసిన మందు పరిస్థితే ఇది. గ్లాసుడు కషాయానికి మీరు అంత భరోసా ఇచ్చేశారు.

వాపు తగ్గించే ఆస్పిరిన్ సంగతి కూడా అంతే. వంశపారంపర్యంగా పెద్దపేగు కేన్సర్ వచ్చే లించ్ సిండ్రోమ్ కుటుంబాల్లో ఆస్పిరిన్ ఏళ్ల తరబడి వాడితే ఆ కేన్సర్ తగ్గింది, అది గట్టిగా రుజువైన మాట. కానీ ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఎక్కువగా 70 దాటిన ఆరోగ్యవంతులు 19 వేల మంది మీద చేసిన పరీక్షలో, 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, రోజూ ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో కేన్సర్ మరణాలు తగ్గకపోగా కాస్త ఎక్కువే ఉన్నాయి. ఓయూ క్యాంపస్‌లో పొద్దున్నే నడిచే మా పెద్దవాళ్ల గుంపులో ఎవరో చెప్పారని ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ మాత్రే) మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. గుండెకి డాక్టరు రాసిచ్చినవాళ్లు మానకూడదు. ఎవరూ రాయకుండా వేసుకునేవాళ్లు మాత్రం ఆగి అడగాలి.

పసుపు జోలికి వెళ్తే నన్ను తిడతారని తెలుసు. మా ఇంట్లో పసుపు పడని కూర లేదు, మీ వంటింటి పసుపు మీద నాకే అభ్యంతరమూ లేదు. అందులోని కర్‌క్యుమిన్ సీసాలో పెంచిన కణాల మీద ఎన్‌ఎఫ్ కప్పా బి ని ఆపుతుంది, నిజమే. మన కడుపులోంచి రక్తంలోకి చేరేది దాదాపు శూన్యం. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపితే రక్తంలో ఎక్కువ కనిపిస్తుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. వ్యాసంలో ఆ మాట రాశారు, ఎందుకు పెరుగుతుందో రాయలేదు. వచ్చిన మందుని విరగ్గొట్టి బయటికి పంపే కాలేయ ఎంజైముల్ని పైపరిన్ అడ్డుకుంటుంది. డోసిటాక్సెల్ లాంటి కీమో మందుల్ని విరగ్గొట్టేదీ అందులో ఒక ఎంజైమే. చారులో వేసిన మిరియాలకు భయపడక్కర్లేదు. గాఢమైన క్యాప్సూళ్లు మింగుతూ కీమో చేయించుకునేవాళ్లు డాక్టరుకి చెప్పి తీరాలి. పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని అమెరికా డాక్టర్లు 2022లో ప్రకటించారు కూడా.

ఈ ప్రోటీన్ల గురించి రాయాలంటే రోగి ఇంట్లోవాళ్లకు పనికొచ్చేది ఒకటుంది, దాన్ని వ్యాసంలో అసలు ముట్టుకోలేదు. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి ఆవరణలో కాసేపు కూర్చుంటే చాలు. స్టీలు క్యారియర్ ముందు పెట్టుకుని, భర్త చేత ఇంకో ముద్ద తినిపించాలని బతిమాలే ఆడవాళ్లు కనిపిస్తారు. "తినకపోతే ఎలా తగ్గుతుంది, నువ్వు మనసు పెట్టడం లేదు" అని ఏడుస్తారు. ఆయన తినక చిక్కిపోవడం మొండితనం కాదు. టీఎన్‌ఎఫ్, ఐఎల్-6, జీడీఎఫ్-15 లాంటి ప్రోటీన్లు మెదడులో ఆకలిని చంపుతాయి, తిన్నది ఒంటికి పట్టనివ్వకుండా కండని కరిగిస్తాయి. 2024లో జీడీఎఫ్-15ని ఆపే పోన్‌సెగ్రోమాబ్ అనే మందుతో చేసిన పరీక్షలో రోగుల బరువు కొంత పెరిగింది, ఇంకా పరీక్షల దశలోనే ఉంది. ఆ ఇల్లాలికి ఇది తెలిస్తే కనీసం ఆ పూట గొడవైనా తప్పుతుంది. నా ఉద్దేశంలో మీ పేజీకి తగిన విషయం అది.

ఇక కేన్సర్ రాకుండా వాపు తగ్గించుకోవాలంటే, వాపు ఎక్కడ పుడుతోందో అక్కడ చెయ్యి పెట్టాలి. మన ఊళ్లో అది దాగేమీ లేదు. మొదటిది గుట్కా, వక్క. గుట్కా నిషేధం ఉందంటారు, ఏ పాన్ డబ్బా దగ్గర అడిగినా కౌంటరు కింద నుంచి పొట్లం తీసిస్తారు. పొగాకు కలవని ఒట్టి వక్క కూడా కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. ఏళ్ల తరబడి వక్క నమిలితే బుగ్గ లోపల వాపు ఆరక, టీజీఎఫ్-బీటా అనే ఇంకో సంకేత ప్రోటీన్ పెరిగి, పీచులా గట్టిపడి నోరు మూసుకుపోతుంది. దీనికి ల్యాబ్ పరీక్ష అక్కర్లేదు. మీ మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటిగా నిలువునా పెట్టి నోట్లో పట్టించి చూడండి. పట్టకపోతే ఆ రోజే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాతిక దాటని ఒక కుర్రాడు, బైకు మీద పార్శిళ్లు మోసేవాడు, మా గేటు దగ్గర నీళ్లడిగితే సీసా మూతి పెదాల మధ్య పెట్టుకోలేక పైనుంచి పోసుకోవడం చూసి అడిగాను. రెండు వేళ్లే పట్టాయి.

రెండోది హెపటైటిస్ బి, కాలేయానికి సోకే వైరస్. ఏళ్ల తరబడి కాలేయం వాస్తూ, చస్తూ, మళ్లీ పుడుతూ ఉంటే కేన్సర్‌కి అంతకంటే అనువైన చోటు ఉండదు. వైరస్ నేరుగా చేసే హాని దీనికి అదనం. తైవాన్‌లో 1984లో దేశమంతటా పసిపిల్లలకు టీకా కార్యక్రమం మొదలుపెట్టారు, ముందు వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు, తర్వాత అందరికీ. పదేళ్లు తిరిగేసరికి పిల్లల్లో కాలేయ కేన్సర్ దాదాపు సగానికి పడిపోయిందని 1997లో ప్రకటించారు. సరిగ్గా ఆ ఏడే మన హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాని దేశంలోనే తయారుచేసి, సామాన్యుడు కొనగలిగే ధరకి తెచ్చింది. ఇంత ఘనత ఉన్న ఊళ్లో, పుట్టిన 24 గంటల్లో బిడ్డకి పడాల్సిన మొదటి డోసు గురించి గానీ, పెద్దయ్యాక వేయించుకోవచ్చన్న సంగతి గానీ తెలియని ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఐఎల్-6 పరీక్షకి పెట్టే డబ్బులో కొంత పెడితే హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ యాంటిజెన్ కార్డు పరీక్ష అయిపోతుంది. జీర్ణాశయంలో హెలికోబ్యాక్టర్ అనే బాక్టీరియా, సిగరెట్టు, కాలేయంలో కొవ్వు, ఇవీ చెప్పుకోవాల్సినవే, ఉత్తరం పెద్దదవుతోంది కాబట్టి పేర్లతో వదిలేస్తున్నాను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఒక పరిశోధన గురించి రాసినప్పుడు అది సీసాలోని కణాల మీద జరిగిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది మొదటి పేరాలోనే చెప్పండి. ఏదైనా జబ్బు గురించిన వ్యాసం ఉన్న పేజీలో ఆ జబ్బు పేరు చెప్పి అమ్ముకునే పరీక్షల ప్రకటన వేయకండి, వేరే పేజీలు మీకు బోలెడున్నాయి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, సీఆర్‌పీ గానీ ఐఎల్-6 గానీ కేన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్షలు కావని ఒక సవరణ వేయండి. కీమోలో ఉన్నవాళ్లు పసుపు, పైపరిన్ క్యాప్సూళ్ల సంగతి డాక్టరుకి చెప్పాలన్న మాట కూడా అందులో చేర్చండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
నల్లకుంట, హైదరాబాద్